టీఎన్‌ఎఫ్ పోసినా ట్రైజెమినల్ న్యూరాన్ ఉలకడం లేదు, లోపం ఎక్కడ?

గాంగ్లియాన్_గాజువాక
ర్యాట్ ట్రైజెమినల్ గాంగ్లియాన్ (ముఖం, తల నొప్పిని మోసే న్యూరాన్ల ముద్ద) కల్చర్, కాల్షియం ఇమేజింగ్ (న్యూరాన్ ఉలికితే లోపల పెరిగే కాల్షియాన్ని రంగు వెలుగుతో చూడటం). ఫ్యూరా-2 ఏఎం రంగు 2 మైక్రోమోలార్, 30 నిమిషాలు లోడింగ్, తర్వాత 20 నిమిషాలు కడుగు. బేస్‌లైన్ శుభ్రంగా ఉంది. టీఎన్‌ఎఫ్ ఆల్ఫా (ఇన్‌ఫ్లమేషన్ ప్రొటీన్) మిల్లీలీటరుకి 10 నానోగ్రాములు, 2 నిమిషాలు పోస్తే గీత ఎక్కడిదక్కడే. చివర్లో 50 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్ ఇస్తే మాత్రం అన్నీ లేస్తున్నాయి, అంటే కణాలు బతికే ఉన్నాయి. మైగ్రేన్‌లో ఇన్‌ఫ్లమేషన్ అణువులు నొప్పి న్యూరాన్లని రెచ్చగొడతాయని పేపర్ల నిండా ఉంటుంది. ఇక్కడ చూస్తే ఉలుకూ లేదు పలుకూ లేదు. టీఎన్‌ఎఫ్ పాడైందా, ప్రొటోకాల్‌లో లొసుగుందా? గైడ్ గారు ఇంకో వయల్ తెప్పించమంటున్నారు. దాని ధర తెలిసినవాళ్ళకి నా బాధ అర్థమవుద్ది.

ప్యాచ్_పిపెట్
వయల్ సంగతి తర్వాత. టీఎన్‌ఎఫ్ పోయగానే కాల్షియం లేవాలని ఎవరు చెప్పారు తమ్ముడూ?

బ్రాడీకైనిన్ పోస్తే లేస్తుంది: బీ2 గ్రాహకం, జీక్యూ, ఫాస్ఫోలైపేజ్ సి, లోపలి నిల్వల నుంచి కాల్షియం. ఏటీపీ పోస్తే పీ2ఎక్స్3 తెరుచుకుంటుంది. ఆమ్లం పోస్తే ఏఎస్‌ఐసీ చానళ్ళు తెరుచుకుంటాయి. ఇవన్నీ సెకన్లలో జరిగే పనులు. టీఎన్‌ఎఫ్ గ్రాహకం చానలూ కాదు, జీ-ప్రొటీన్ గ్రాహకమూ కాదు. టీఎన్‌ఎఫ్ గ్రాహకమైన టీఎన్‌ఎఫ్‌ఆర్1 కణం లోపల పీ38 కైనేజ్ అనే ఎంజైమ్‌ని నిద్ర లేపుతుంది. దాని దెబ్బకి టెట్రోడోటాక్సిన్ అనే విషానికి లొంగని సోడియం కరెంటు పెరుగుతుంది. అక్కడితో న్యూరాన్ తనంతట తాను అరవదు, తర్వాత ఎవరైనా తాకితే మామూలు కంటే గట్టిగా అరుస్తుంది. నువ్వు తాకకుండా అరుపు కోసం చూస్తున్నావు.

కొలవాల్సింది టీఎన్‌ఎఫ్‌కి వచ్చే స్పందన కాదు. టీఎన్‌ఎఫ్ తర్వాత కొద్దిపాటి క్యాప్సైసిన్‌కి (మిరపకాయలో మంట పుట్టించే పదార్థం) వచ్చే స్పందన.

గాంగ్లియాన్_గాజువాక
అదీ అయింది సార్. ముందు క్యాప్సైసిన్ 1 మైక్రోమోలార్, తర్వాత టీఎన్‌ఎఫ్, 3 నిమిషాలాగి మళ్ళీ క్యాప్సైసిన్ 1 మైక్రోమోలార్. రెండోసారి స్పందన సగానికి పడిపోయింది. టీఎన్‌ఎఫ్ నొప్పి తగ్గిస్తాదని రాసుకోమంటారా?

జగదాంబ_జంక్షన్
రాసెయ్. పేటెంట్ కూడా పడెయ్. గుంటూరు మిరపకాయ నమిలాక రెండోది అంత మండదు, ఇదీ అంతే కదా.

మద్దిలపాలెం_మైక్రోస్కోప్
జంక్షన్ వెటకారంగా అన్నా అసలు విషయం అదే. క్యాప్సైసిన్ తగిలే చానల్ టీఆర్‌పీవీ1 తెరుచుకోగానే కాల్షియం లోపలికొస్తుంది, కాల్‌మాడ్యులిన్, కాల్సిన్యూరిన్ కలిసి ఆ చానల్నే మొద్దుబారుస్తాయి. 1 మైక్రోమోలార్ అంటే దాదాపు పూర్తి మోతాదు. అక్కడ పైకి పెరగడానికి చోటే ఉండదు, కిందికి పడటానికే ఉంటుంది. సెన్సిటైజేషన్ (అదే తాకిడికి ఎక్కువ స్పందించడం) జరిగినా నీకు కనబడదు.

రెండు దారులున్నాయి. ఒకటి జంట పల్స్. క్యాప్సైసిన్ 50 నుంచి 100 నానోమోలార్, 10-15 సెకన్లు, మధ్యలో కనీసం 10 నిమిషాలు. కొన్ని కవర్‌స్లిప్పుల్లో మధ్యలో టీఎన్‌ఎఫ్, కొన్నింట్లో ఉత్త వెహికల్ (టీఎన్‌ఎఫ్ లేని అదే ద్రవం). రెండో శిఖరాన్ని మొదటి శిఖరంతో భాగించి, ఆ నిష్పత్తిని వెహికల్ నిష్పత్తితో పోల్చు. వెహికల్‌లో 0.6 వచ్చి టీఎన్‌ఎఫ్‌లో 0.9 వస్తే అదే సెన్సిటైజేషన్, రెండూ ఒకటి కంటే తక్కువైనా సరే. (అంకెలు ఉదాహరణకే.)

రెండోది ఇంకా శుభ్రం: ఒక్కో కవర్‌స్లిప్పుకి ఒక్కటే పల్స్. సగం టీఎన్‌ఎఫ్‌లో, సగం వెహికల్‌లో నానబెట్టి ఒక్కసారే తాకు. టాకీఫైలాక్సిస్ (మళ్ళీ మళ్ళీ ఇస్తే స్పందన తగ్గిపోవడం) గోల ఉండదు. కాకపోతే కవర్‌స్లిప్పులు ఎక్కువ కావాలి, రెండు గుంపులూ ఒకే జంతువు నుంచి రావాలి.

ఇంకో మాట: ఎన్ అంటే కణాలు కాదు, జంతువులు. ఒక ఎలుక నుంచి 200 న్యూరాన్లు కొలిచి ఎన్ 200 అని రాస్తే రివ్యూయర్ బేగి తిప్పి పంపేస్తాడు.

గాంగ్లియాన్_గాజువాక
ఎంతసేపు నానబెట్టాలి?

ప్యాచ్_పిపెట్
అది నీ ప్రశ్నని బట్టి. చానళ్ళ ఫాస్ఫోరిలేషన్ చూడాలంటే 10 నిమిషాల నుంచి గంట. జీన్ల పని మారాలి, సీజీఆర్‌పీ (నొప్పి నరాలు వదిలే పెప్టైడ్) తయారీ పెరగాలి అంటే 24 గంటలు. రెండూ ఒకే గ్రాఫ్‌లో కలపకు, యంత్రాంగం వేరు. తక్కువసేపు నానబెట్టే గుంపులో పీ38ని ఆపే ఎస్‌బీ203580 10 మైక్రోమోలార్ ముందుగా ఇచ్చిన శాఖ కూడా పెట్టుకో. పీ38 ఆపగానే టీఎన్‌ఎఫ్ ప్రభావం పోతే నీ కథ నిలబడినట్టే.

పరవాడ_ఫార్మా
వయల్ గురించి ఎవరూ మాట్లాడలేదు, అక్కడే సగం ప్రయోగాలు చస్తాయి.

పొడి రూపంలో ఉన్న టీఎన్‌ఎఫ్ దారిలో ఎండకి అంత తొందరగా పోదు. కంగారంతా నీళ్ళు కలిపాకే. వయల్‌ని ఫ్రీజర్లోంచి తీసి గది ఉష్ణోగ్రతకి వచ్చేదాకా మూత తీయకు. మన ఊరి గాలిలో తేమకి చల్లటి వయల్ లోపల నీటి బొట్లు కట్టేస్తాయి. మూత తీసే ముందు ఒకసారి సెంట్రిఫ్యూజ్ తిప్పు, పొడి మూతకి అంటుకుని ఉంటుంది. కలిపేది 0.1 శాతం బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రొటీన్) ఉన్న ద్రవంలో. బీఎస్ఏ లేకుండా నానోగ్రాముల్లోకి పల్చన చేస్తే ప్రొటీన్ ట్యూబు గోడలకీ, పెర్ఫ్యూజన్ గొట్టాలకీ పట్టేస్తుంది. 10 నానోగ్రాములు పోశాననుకుంటావు, కణం దగ్గరికి చేరేది ఎంతో దేవుడికే తెలియాలి.

చిన్న చిన్న అలికాట్లు (ఒక్కసారికి సరిపడా వాటాలు) చేసి మైనస్ 80లో. తీసిన అలికాట్ మళ్ళీ లోపల పెట్టొద్దు. ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రిజ్‌లో అసలు వద్దు, అది తనంతట తానే వేడెక్కి చల్లబడుతూ ఉంటుంది. టీఎన్‌ఎఫ్ పనిచేసేది మూడు ముక్కలు కలిసిన ట్రైమర్‌గా, మాటిమాటికీ గడ్డకట్టి కరిగితే ఆ జట్టు చెడుతుంది.

భీమిలి_బయాలజీ
వయల్ ఏ జాతిది? మనిషి టీఎన్‌ఎఫ్ చిట్టెలుక టీఎన్‌ఎఫ్‌ఆర్1కి అంటుకుంటుంది గానీ రెండో గ్రాహకం టీఎన్‌ఎఫ్‌ఆర్2కి అంటుకోదు. ర్యాట్ కణాలకి ర్యాట్ టీఎన్‌ఎఫ్ వాడితే ఈ పేచీయే ఉండదు.

రుషికొండ_రసాయనం
అందరూ టీఎన్‌ఎఫ్ పనిచేయకపోతే ఎలా అని చూస్తున్నారు. *పనిచేస్తే* వచ్చే ప్రమాదం చెప్తా. ఈ ప్రొటీన్ ఎక్కువగా ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారవుతుంది. ఎండోటాక్సిన్ (ఆ బ్యాక్టీరియా గోడలోని విషం) జాడ ఉంటే చాలు, ట్రైజెమినల్ నొప్పి న్యూరాన్ల మీద దాన్ని పట్టే టీఎల్‌ఆర్4 గ్రాహకం ఉంది, అదే టీఆర్‌పీవీ1ని సెన్సిటైజ్ చేసేస్తుంది. పండగ చేసుకుంటావు టీఎన్‌ఎఫ్ పనిచేసిందని, నిజానికి పనిచేసింది బ్యాక్టీరియా మురికి.

కంట్రోల్ తేలికే. ఒక అలికాట్‌ని బాగా మరిగించి అదే మోతాదులో వాడు. మరిగిస్తే టీఎన్‌ఎఫ్ చస్తుంది, ఎండోటాక్సిన్ చావదు. మరిగించిన దానికీ స్పందన పెరిగితే ఆ లాట్ పక్కన పడెయ్.

గాంగ్లియాన్_గాజువాక
ఇది ఏ ప్రొటోకాల్‌లోనూ రాయలేదే! రేపే పెడతా.

కల్చర్ వివరాలు అడగకముందే చెప్తున్నా: కణాలు విడదీయడానికి కొల్లాజినేజ్, తర్వాత ట్రిప్సిన్ ఎంజైములు, ఎన్‌జీఎఫ్ (నరాల పెరుగుదల ప్రొటీన్) మిల్లీలీటరుకి 100 నానోగ్రాములు, మర్నాడు రికార్డింగ్.

మద్దిలపాలెం_మైక్రోస్కోప్
ట్రిప్సిన్ ఎక్కువసేపు ఉంటే ఉపరితలం మీది గ్రాహకాల్ని చెక్కేస్తుంది. పైగా అది పీఏఆర్2 గ్రాహకాన్ని నేరుగా రెచ్చగొడుతుంది, ఆ పీఏఆర్2 టీఆర్‌పీవీ1ని. ప్రయోగం మొదలవకముందే కణాలు సెన్సిటైజ్ అయి కూర్చుంటాయి. వీలైతే కొల్లాజినేజ్, డిస్పేజ్ జంటకి మారు.

ఎన్‌జీఎఫ్ కూడా ఇన్‌ఫ్లమేషన్ అణువే, మర్చిపోకు. టీఆర్‌పీవీ1నీ సీజీఆర్‌పీనీ పెంచుతుంది. 100 నానోగ్రాముల్లో నానిన న్యూరాన్‌కి టీఎన్‌ఎఫ్ కొత్తగా ఇచ్చేదేముంటుంది? ఎదిగిన జంతువుల న్యూరాన్లు ఒక రోజు ఎన్‌జీఎఫ్ లేకుండానే బతుకుతాయి. లేని గుంపు ఒకటి పెట్టి చూడు.

ప్యాచ్_పిపెట్
అసలు ఆ గాంగ్లియాన్‌లో ఏ న్యూరాన్లు కొలుస్తున్నావు? దవడవీ, పళ్ళవీ, మీసాలవీ అన్నీ అందులోనే. తలనొప్పికి సంబంధించినవి డ్యూరాకి (మెదడు చుట్టూ ఉండే గట్టి పొర) వెళ్ళేవి, అవి చాలా కొద్ది. డ్యూరా మీద ట్రేసర్ రంగు పెట్టి వారం పదిరోజులాగి, రంగు పట్టిన కణాలనే కొలిస్తే తలనొప్పి పేపర్, లేకపోతే ముఖం నొప్పి పేపర్.

గాంగ్లియాన్_గాజువాక
ఫ్లోరోగోల్డ్ ట్రేసర్ ల్యాబ్‌లో ఉంది, అది వాడొచ్చా?

మద్దిలపాలెం_మైక్రోస్కోప్
ఫ్యూరా-2తో వద్దు! ఫ్యూరా ఉత్తేజం 340, 380 నానోమీటర్లు. ఫ్లోరోగోల్డ్ కూడా ఆ చుట్టుపక్కలే వెలుగుతుంది. నిష్పత్తి మొత్తం చెత్త అవుతుంది. డిఐ (DiI) అనే ట్రేసర్ వాడు, అది ఎరుపు వైపు ఉంటుంది. సర్జరీకి ఎథిక్స్ కమిటీ దగ్గర సవరణ పెట్టుకోవాలి, పాత అనుమతిలో కల్చర్ ఒక్కటే ఉంటే చెల్లదు.

సీతమ్మధార_న్యూరో
ల్యాబ్ వాళ్ళ మాటల మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. క్లినిక్ వైపు నుంచి ఒకటి: ఈ మధ్య మైగ్రేన్ పేషెంట్లు ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ (సైటోకైన్లు అనే ఇన్‌ఫ్లమేషన్ ప్రొటీన్లు), హెచ్ఎస్-సీఆర్‌పీ (రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ సూచిక) రిపోర్టులు పట్టుకుని వస్తున్నారు, "నరాల్లో వాపు ఎంతుందో చూడండి" అంటూ. చేయి రక్తంలో కొలిచిన సైటోకైన్‌కీ డ్యూరా మీద మాస్ట్ కణం (ఇన్‌ఫ్లమేషన్ అణువులు వదిలే కణం) పక్కన ఉన్న నరం కొసకీ పొంతన లేదు. అక్కడ మైక్రోమీటర్ల దూరంలో, నిమిషాల లెక్కన జరిగే పని ఇది. మైగ్రేన్ నిర్ధారణకి ఆ పరీక్షలు పనికిరావు, డబ్బు దండగ.

రుషికొండ_రసాయనం
ఇంకో అడుగు ముందుకేసి అంటా: మైగ్రేన్‌ని ఇన్‌ఫ్లమేషన్ అనడమే తప్పు. న్యూరోజెనిక్ ఇన్‌ఫ్లమేషన్ సిద్ధాంతం ప్రకారం నరం కొసలు సబ్‌స్టెన్స్ పి అనే పెప్టైడ్ వదిలితే డ్యూరా రక్తనాళాల నుంచి ప్లాస్మా ఊరాలి. సరే, ఆ ఊటని ఆపే మందులు తయారు చేశారు. సబ్‌స్టెన్స్ పి పట్టే ఎన్‌కే1 గ్రాహకాన్ని మూసేసే లానెపిటాంట్, ఎండోథెలిన్ గ్రాహకాన్ని మూసేసే బోసెంటాన్. ఎలుకల్లో ఊట ఆగింది. మనుషుల్లో తలనొప్పి ఆగలేదు. ఇంకేం కావాలి?

ప్యాచ్_పిపెట్
దానివల్ల తేలింది ప్లాస్మా ఊట ముఖ్యం కాదని, ఇన్‌ఫ్లమేషన్ అణువులు ముఖ్యం కాదని కాదు. రెండూ కలిపేస్తున్నారు.

1996లో స్ట్రాస్‌మన్, రేమండ్, బర్‌స్టీన్ చేసిన పని చూడండి. ఎలుక డ్యూరా మీద "ఇన్‌ఫ్లమేటరీ సూప్" పోశారు: హిస్టమిన్, సెరోటోనిన్, బ్రాడీకైనిన్ ఒక్కోటి 1 మిల్లీమోలార్, ప్రొస్టాగ్లాండిన్ ఈ2 0.1 మిల్లీమోలార్, పీహెచ్ 5.5. అంతకుముందు పట్టించుకోని కొద్దిపాటి ఒత్తిడికే ఆ నరాలు కాల్చడం మొదలెట్టాయి. దగ్గితే, వంగితే, మెట్లెక్కితే తల దడదడ కొట్టుకోవడానికి ఇంతకంటే మంచి వివరణ నాకు దొరకలేదు. ఆ తర్వాత లెవీ బృందం టీఎన్‌ఎఫ్‌తో ఇదే చూపించింది. కాక్స్ (ప్రొస్టాగ్లాండిన్లు తయారుచేసే ఎంజైమ్) నిరోధకంతోనూ, పీ38 నిరోధకంతోనూ దాన్ని ఆపగలిగారు. అంటే టీఎన్‌ఎఫ్ కొంత పని ప్రొస్టాగ్లాండిన్ల చేత చేయిస్తోంది.

జగదాంబ_జంక్షన్
ఆ సూప్‌లో కొంచెం మిరియాల పొడి వేస్తే బీచ్ రోడ్డులో అమ్ముకోవచ్చు.

పరవాడ_ఫార్మా
పీహెచ్ 5.5 అంటే చింతపండు చారు కంటే నయమే.

భీమిలి_బయాలజీ
ఐఎల్-6 మీద మాత్రం రెండు బృందాలకీ పడలేదు. డ్యూరా మీద ఐఎల్-6 పోస్తే జంతువుల్లో నొప్పి ప్రవర్తన వస్తుందనీ, కల్చర్‌లో డ్యూరల్ న్యూరాన్లు ఎక్కువ స్పందిస్తాయనీ, ఈఆర్‌కే అనే కైనేజ్ ద్వారా సోడియం చానల్ ఎన్‌ఏవీ1.7 మీద పని జరుగుతుందనీ ఒక బృందం. మత్తులో ఉన్న జంతువులో ఒక్కో నరం రికార్డు చేస్తే ఐఎల్-1 బీటా పనిచేసింది, ఐఎల్-6 చేయలేదని లెవీ వాళ్ళు. గాజువాక తమ్ముడు ఐఎల్-6 దాకా వస్తే ఏ కొలమానం వాడుతున్నాడో ముందే తేల్చుకోవాలి, లేకపోతే ఈ గొడవలో ఇరుక్కుంటాడు. ఐఎల్-6కి కరిగే గ్రాహకం తోడుగా ఇచ్చిన గుంపు కూడా పెట్టడం మంచిది. చాలా న్యూరాన్లలో సంకేతం మోసే జీపీ130 భాగం ఉంటుంది, అసలు ఐఎల్-6 గ్రాహకం తక్కువ.

రుషికొండ_రసాయనం
@ప్యాచ్_పిపెట్ ఒప్పుకోను. మిల్లీమోలార్ బ్రాడీకైనిన్ ఏ మనిషి డ్యూరాలో ఉంటుంది? అంత గాఢంగా ఏది పోసినా నరం అరుస్తుంది.

ప్యాచ్_పిపెట్
గాఢత ఎక్కువే, అది నేనూ ఒప్పుకుంటా. అరాక్నాయిడ్, డ్యూరా పొరలు దాటి కొస దాకా చేరేది అందులో కొంతే అని వాళ్ళ వాదన. మనుషుల సాక్ష్యం కావాలంటే ప్రొస్టాగ్లాండిన్ ఈ2 రక్తంలోకి ఎక్కిస్తే మైగ్రేన్ ఉన్నవాళ్ళకి దాడి వస్తుంది. సీజీఆర్‌పీ ఎక్కించినా వస్తుంది, 2002లోనే చూపించారు. పీఏసీఏపీ-38 అనే ఇంకో పెప్టైడ్ ఎక్కించినా అంతే.

సీతమ్మధార_న్యూరో
ఇద్దరి మాటల్లోంచీ పేషెంట్‌కి పనికొచ్చేది ఒకటి తీసుకుంటా. సీజీఆర్‌పీ ఎక్కువగా సీ-ఫైబర్లలో (నెమ్మదిగా మోసే సన్నటి నొప్పి నరాలు) ఉంటుంది, దాని గ్రాహకం ఏ-డెల్టా ఫైబర్ల (కాస్త వేగంగా మోసేవి) మీద. సీజీఆర్‌పీని అడ్డుకునే యాంటీబాడీ మందులు మెదడులోకి పెద్దగా పోలేవు, అయినా మైగ్రేన్ తగ్గిస్తున్నాయి. డ్యూరా, ట్రైజెమినల్ గాంగ్లియాన్ రెండూ రక్తం-మెదడు అడ్డుగోడకి బయటే ఉన్నాయి కాబట్టి అసలు పని అక్కడే జరుగుతోందనడానికి అది గట్టి ఆధారం.

ఇక మందు వేసుకునే వేళ సంగతి. దాడి మొదట్లో కొసలు ఒక్కటే సెన్సిటైజ్ అవుతాయి. గంటలు గడిచేకొద్దీ మెదడు కాండంలోని రెండో న్యూరాన్లు కూడా రెచ్చిపోతాయి. అప్పుడు దువ్వెన తగిలినా, కళ్ళజోడు పెట్టినా నొప్పి. దాన్నే అలోడైనియా అంటాం. ట్రిప్టాన్ (మైగ్రేన్ దాడిని ఆపే మందు) సీ-ఫైబర్ కొస నుంచి సీజీఆర్‌పీ విడుదలని ఆపుతుంది, రెండో న్యూరాన్ సొంతంగా కాల్చడం మొదలెట్టాక దాని పట్టు తగ్గుతుంది. కాబట్టి జుట్టు ముట్టుకుంటే నొప్పి మొదలవకముందే మింగాలి. అలోడైనియా వచ్చేశాక కూడా ఇంజెక్షన్ రూపంలో ఇచ్చిన, ప్రొస్టాగ్లాండిన్లని ఆపే కీటోరోలాక్ లాంటివి పనిచేయడం కనిపించింది. ప్రొస్టాగ్లాండిన్లు ఆ రెండో న్యూరాన్ల దగ్గర కూడా పాత్ర పోషిస్తాయనుకోవాలి.

గాంగ్లియాన్_గాజువాక
మాత్రల మోతాదు ఏటి మేడమ్? మా ఇంట్లో వాళ్ళు 250 నాప్రాక్సెన్ వేసుకుని పనిచేయలేదంటారు.

సీతమ్మధార_న్యూరో
పెద్దవాళ్ళకి దాడికి నాప్రాక్సెన్ 500-550 మిల్లీగ్రాములు, ఐబుప్రోఫెన్ 400, ఆస్పిరిన్ 900-1000. 250తో ఆపేసి మందు పనిచేయలేదనడం రోజూ వినే మాట. దాడిలో పొట్ట కదలిక మందగిస్తుంది, మాత్ర పేగులోకి వెళ్ళదు. వాంతి వికారం ఉంటే మెటోక్లోప్రమైడ్ 10 తోడిస్తే మాత్ర ఎక్కుతుంది. మందు ఎవరికివ్వాలో డాక్టర్ చూశాకే, కడుపుపుండు, గర్భం, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి లెక్క వేరు.

నెలకి 15 రోజులు, ఆపైన ఈ నొప్పి మాత్రలు, 10 రోజులు, ఆపైన ట్రిప్టాన్లు మూడు నెలల పైన వాడితే మందుల వల్లే తలనొప్పి మొదలవుతుంది. మెడికల్ షాపులో "తలనొప్పి సెట్" అని ఇచ్చే మాత్రల్లో చాలావరకు మిశ్రమాలు, వాటికీ 10 రోజులే హద్దు.

భీమిలి_బయాలజీ
మన వైపు ఉద్దానం కిడ్నీ జబ్బుల సంగతి కూడా చెప్పండి.

సీతమ్మధార_న్యూరో
అవును, మంచి మాట గుర్తు చేశారు. ఉద్దానం నుంచి వచ్చేవాళ్ళకి, ఎండలో చెమటోడ్చి పనిచేసేవాళ్ళకి క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చూడకుండా నేను నొప్పి మాత్ర రాయను. మూత్రపిండాల్లోకి రక్తం వెళ్ళే దారిని తెరిచి ఉంచేది ఆ ప్రొస్టాగ్లాండిన్లే. తలలో ఆపాలనుకున్నది అక్కడ కూడా ఆగుతుంది.

రుషికొండ_రసాయనం
చూశారా, సీజీఆర్‌పీ మందులు ఇన్‌ఫ్లమేషన్ మందులు కావు. స్టెరాయిడ్ మైగ్రేన్‌ని రోజువారీగా నివారించదు. నా మాట మీదే ఉన్నా.

సీతమ్మధార_న్యూరో
నివారించదు, నిజమే. ఎమర్జెన్సీలో దాడి ఆపాక ఒక్క మోతాదు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే తలనొప్పి తిరగబెట్టడం తగ్గుతుంది. అది కూడా లెక్కలో వేసుకోండి.

నిజంగా ఇన్‌ఫ్లమేషన్ తలనొప్పి అంటే జెయింట్ సెల్ ఆర్టరైటిస్ (ధమనుల గోడల వాపు). 50 దాటినవాళ్ళకి కొత్తగా తలనొప్పి, నమిలితే దవడ నొప్పి, కణత ముట్టుకుంటే నొప్పి. అక్కడ ఈఎస్ఆర్, సీఆర్‌పీ నిజంగానే పనికొస్తాయి. బయాప్సీ కోసం ఆగకుండా స్టెరాయిడ్ మొదలెట్టాలి, ఆలస్యమైతే చూపు పోతుంది. ఐఎల్-6 గ్రాహకాన్ని మూసే టోసిలిజుమాబ్ అక్కడ పనిచేస్తుంది. కాకపోతే అది ఇచ్చాక కాలేయం సీఆర్‌పీ తయారుచేయడం ఆపేస్తుంది, జబ్బు ముదురుతున్నా సీఆర్‌పీ మామూలుగానే కనిపిస్తుంది. ఆ రిపోర్టు చూసి ధైర్యంగా కూర్చోకూడదు.

మద్దిలపాలెం_మైక్రోస్కోప్
గాజువాకా, ఇంకోటి. జంతువుల లింగం రాసుకుంటున్నావా? డ్యూరా మీద కొద్దిపాటి సీజీఆర్‌పీ పెడితే నొప్పి ప్రవర్తన ఆడవాటిలో వచ్చింది, మగవాటిలో రాలేదని చూపించారు. అన్నీ మగ ఎలుకలే వాడి మైగ్రేన్ గురించి మాట్లాడితే రివ్యూయర్ ఒల్లకోడు.

గాంగ్లియాన్_గాజువాక
ఇప్పటిదాకా మగవే. సరే, ప్లాన్ ఇలా: ర్యాట్ టీఎన్‌ఎఫ్, బీఎస్ఏతో అలికాట్లు. ఆడా మగా రెండూ. ట్రిప్సిన్ బదులు డిస్పేజ్, ఎన్‌జీఎఫ్ లేని గుంపు. టీఎన్‌ఎఫ్ ఒక గంట, వెహికల్, మరిగించిన టీఎన్‌ఎఫ్, టీఎన్‌ఎఫ్‌తో పాటు ఎస్‌బీ203580: నాలుగు శాఖలు. ఒక్కటే క్యాప్సైసిన్ పల్స్, 100 నానోమోలార్. చివర పొటాషియం క్లోరైడ్. డిఐ అనుమతి వచ్చాకే డ్యూరల్ గుంపు.

ప్యాచ్_పిపెట్
ఎస్‌బీ203580 ఒక్కటే ఇచ్చిన శాఖ కూడా పెట్టు, ఐదోది. అది తనంతట తానే క్యాప్సైసిన్ స్పందన తగ్గిస్తే నీ నాలుగో శాఖకి అర్థం ఉండదు. వెహికల్‌లో డీఎంఎస్ఓ (మందు కరిగించే ద్రవం) శాతం అన్నింట్లో సమానంగా ఉండాలి. రికార్డింగ్ చేసేవాడికి ఏ కవర్‌స్లిప్పు ఏదో తెలియకూడదు.

పరవాడ_ఫార్మా
కొత్త వయల్ కొంటే లాట్ నంబరు నోట్‌బుక్‌లో రాయి. పాత దాంట్లో మిగిలింది పారేయకు, ఆ మరిగించే కంట్రోల్‌కి ముందు దాన్నే వాడి చెయ్యి కుదుర్చుకో.

జగదాంబ_జంక్షన్
మరిగించేటప్పుడు మూత గట్టిగా బిగించు. పేలితే ఆ నానోగ్రాములు సీలింగ్‌కి పోతాయి, మళ్ళీ గైడ్ గారి దగ్గరికే వెళ్ళాలి.